లాలాజలంలో ఆక్సీకరణ ఒత్తిడిని కొలవాలంటే: నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో నమూనాలు సేకరించేవారికి సమగ్ర మార్గదర్శి

చిగుళ్ళ వ్యాధి ఉన్నవారి లాలాజలంలో మాలోన్‌డైఆల్డిహైడ్ అనే నష్ట సూచిక ఎక్కువ, ఆ నష్టాన్ని అడ్డుకునే యాంటీ ఆక్సిడెంట్లు తక్కువ అని తేల్చిన అధ్యయనాలకు కొదవ లేదు. అలాంటి పట్టిక ఏది చూసినా నాకు ముందు కొన్ని ప్రశ్నలు తోస్తాయి. ఆ మనిషి ఉమ్మేముందు ఏం తిన్నాడు? ఏం నమిలాడు? ఎన్ని గంటలకు ఉమ్మాడు? ఆ గొట్టం ఐసులోకి వెళ్ళేసరికి ఎంతసేపైంది? పట్టికలో వీటికి జవాబు దొరకదు. దశాంశం తర్వాత మూడు అంకెలు మాత్రం ఉంటాయి.

ఈ మార్గదర్శి దంత వైద్య విద్యార్థులు, హౌస్ సర్జన్లు, ప్రయోగశాల సాంకేతిక సిబ్బంది, పల్లెల్లో నోటి ఆరోగ్య శిబిరాలు నడిపేవారి కోసం. ఇందులో చెప్పదలచుకున్నది ఒక్కటే: లాలాజలపు ఫలితంలోని తేడాల్లో పెద్ద భాగం ఉమ్మడానికి ముందు గంటల్లోనూ, ఉమ్మిన తర్వాత అరగంటలోనూ పుడుతుంది. యంత్రం దగ్గరికి చేరేసరికి కథ చాలావరకు అయిపోతుంది. అందుకే ఇక్కడ యంత్రం గురించి తక్కువగానూ, మనిషి గురించి ఎక్కువగానూ ఉంటుంది.

ముందు, ఏం కొలుస్తున్నామో తెలియాలి

పళ్ళ మీద పాచి పేరుకుంటే దానిలోని సూక్ష్మజీవులతో పోరాడటానికి న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు చిగురు అంచుకు చేరతాయి. వాటి ఆయుధం ఆక్సిజనే. సూపర్ఆక్సైడ్‌ను, దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తయారు చేసి విడుదల చేస్తాయి. దగ్గరలో ఇనుము ఉంటే ఆ పెరాక్సైడ్ హైడ్రాక్సిల్ రాడికల్‌గా మారుతుంది. దానికి శత్రువు, మిత్రుడు అనే భేదం ఉండదు. కణత్వచంలోని కొవ్వును, ప్రోటీన్లను, డీఎన్‌ఏను కూడా దెబ్బతీస్తుంది. కొవ్వు దెబ్బతింటే మిగిలే ముక్క మాలోన్‌డైఆల్డిహైడ్, అంటే ఎండీఏ. డీఎన్‌ఏ దెబ్బతింటే 8-ఓహెచ్‌డీజీ. ప్రోటీన్ దెబ్బతింటే కార్బొనిల్ సమూహాలు. ఇవి నష్టానికి సూచికలు. ఈ దాడి ఒంటి రక్షణ శక్తిని మించిపోవడమే ఆక్సీకరణ ఒత్తిడి.

రెండో రకం సూచికలు రక్షణకు సంబంధించినవి: యూరిక్ ఆమ్లం, లాలాజల పెరాక్సిడేజ్, సూపర్ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, గ్లూటాథయోన్, విటమిన్ సి. వీటన్నిటి ఉమ్మడి శక్తిని ‘మొత్తం యాంటీ ఆక్సిడెంట్ సామర్థ్యం’ పేరుతో ఒకే సంఖ్యగా చూపించే కిట్లు దొరుకుతాయి. ఆ సంఖ్య మీద నాకు పెద్ద నమ్మకం లేదు. లాలాజలంలో ఆ సామర్థ్యంలో సింహభాగం యూరిక్ ఆమ్లానిదే. యూరిక్ ఆమ్లం ప్రధానంగా రక్తం నుంచి లాలాజలంలోకి వస్తుంది. కాబట్టి రోజూ చేపల పులుసు, రొయ్యల కూర తినే తీరప్రాంతపు మనిషికి, గౌటుకు అల్లోప్యూరినాల్ మాత్ర వేసుకునే మనిషికి, మూత్రపిండాలు దెబ్బతిన్న మనిషికి ఈ సంఖ్య మూడు వేర్వేరు కారణాల వల్ల మారుతుంది. ఆ మూడింటిలో ఏదీ చిగుళ్ళకు సంబంధించినది కాదు.

అందుకే నష్ట సూచిక కనీసం ఒకటి, రక్షణ సూచిక కనీసం ఒకటి ఎంచుకోండి. యూరిక్ ఆమ్లాన్ని విడిగా కొలవండి. మొత్తం ప్రోటీన్, లాలాజల ప్రవాహ వేగం ఎప్పుడూ నమోదు చేయండి. కిట్లకు డబ్బు చాలకపోతే సూచికల సంఖ్య తగ్గించుకోండి. ప్రవాహ వేగాన్ని మాత్రం వదలొద్దు, దానికి కావలసినవి ఒక గడియారం, ఒక చిన్న తూకం మాత్రమే.

మొదటి అడుగు: ఎవరిని ఎవరితో పోలుస్తున్నారు?

వ్యాధి ఉన్నవారిని పల్లె శిబిరం నుంచి, ఆరోగ్యవంతులను కళాశాల విద్యార్థుల నుంచి తీసుకోవడం మనవారికి సులువైన పద్ధతి. ఫలితం ‘ముఖ్యమైన తేడా’గా వచ్చి తీరుతుంది. వయసు, తిండి, నీరు, పొగాకు, ఎండ అన్నీ తేడాగా ఉన్నప్పుడు తేడా రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఒకే ఊరిలో, వీలైతే ఒకే వీధిలో, వయసు పదేళ్ళకు మించి తేడా లేనివారిని జతలుగా ఎంచుకోండి.

ఈ రెండు జిల్లాల్లో జత కలిపేటప్పుడు ప్రత్యేకంగా చూడవలసినవి కొన్ని ఉన్నాయి. వాటిలో పొగాకు మొదటిది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి, కలిగిరి ప్రాంతాల్లో పొగాకు అలవాటు మాత్రమే కాదు, పంట కూడా. తడి ఆకు కొట్టేవారికి, మోసేవారికి చర్మం గుండా నికోటిన్ ఒంట్లోకి వెళుతుంది. ఒళ్ళు తిప్పడం, వాంతులు కావడం ఆ పనిలో ఉన్నవారికి కొత్త కాదు. వారి లాలాజలంలో కొటినిన్ (నికోటిన్ ఒంట్లో మారి మిగిలే పదార్థం) పరీక్ష చేస్తే సిగరెట్ ముట్టనివారికి కూడా రావచ్చు. కొటినిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 16 నుంచి 20 గంటలు పడుతుంది. కాబట్టి ఆకు కొట్టే రోజుల్లో కొటినిన్ కనిపించిందని ఎవరినీ ‘అబద్ధం చెప్పిన పొగతాగరి’ ఖాతాలో వేయకండి. ఆకు ఎండబెట్టే బ్యారన్ దగ్గర, గ్రేడింగ్ షెడ్లలో పనిచేసే స్త్రీలు రోజంతా పొగాకు ధూళి పీలుస్తారు. వీరిని ‘పొగాకు వాడనివారు’ అనే గడిలో పెట్టేముందు ఆలోచించండి. నా సలహా వృత్తికి వేరే గడి పెట్టడమే. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ పనివారు ఉంటే రాతి ధూళి సంగతి కూడా అలాగే రాసుకోండి.

రెండోది నీరు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సమస్య పాతది. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు దెబ్బతినే వ్యాధి) గురించి వెలువడిన తొలి వైద్య నివేదిక అప్పటి నెల్లూరు జిల్లాకు సంబంధించినదే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు ఈ మూడు తాలూకాలూ నెల్లూరులోనే ఉండేవి. ఫ్లోరైడ్ మితిమీరితే కణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి పెరుగుతుందని జంతువులపై చేసిన ప్రయోగాల్లో కనిపించింది. కాబట్టి కనిగిరి రోగిని నెల్లూరు పట్టణవాసితో పోల్చి, తేడా అంతా చిగుళ్ళదే అనడం చెల్లదు. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు సమ్మతి. ఇప్పుడు చాలా ఊళ్ళలో ప్లాంటు నీళ్ళ క్యాన్లు వచ్చాయి. ‘ఏ నీళ్ళు తాగుతున్నారు’ అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ‘ఎన్నేళ్ళుగా’, ‘వంటకు కూడా అవేనా’ అని అడగాలి. పళ్ళ మీది మచ్చలు చిన్ననాటి నీటికి సాక్ష్యం. ఆ మచ్చల తీవ్రతను అంచెలుగా చెప్పే డీన్ సూచికతో వాటిని కూడా నమోదు చేయండి.

మధుమేహం మూడోది. చక్కెర అదుపులో లేనప్పుడు ఆక్సీకరణ ఒత్తిడీ పెరుగుతుంది, నోరూ ఎండుతుంది, చిగుళ్ళ వ్యాధీ ముదురుతుంది. మూడూ ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి. ‘షుగరు ఉందా’ అని అడిగి సరిపెట్టకుండా ఒక్క గ్లూకోమీటర్ చుక్క పరీక్ష చేయించండి. తనకు షుగరు ఉందని తెలియనివారు ఏ ఊళ్ళోనైనా ఉంటారు.

గర్భిణులను, ఈమధ్యే యాంటీబయాటిక్స్ వాడినవారిని, గత కొన్ని నెలల్లో పళ్ళు శుభ్రం చేయించుకున్నవారిని మొదటి అధ్యయనంలో కలపకపోవడం మేలు. పళ్ళ గార తీయించాక ఎండీఏ, 8-ఓహెచ్‌డీజీ తగ్గుతాయని అనేక అధ్యయనాలు చెప్పాయి.

రెండో అడుగు: అడిగే తీరు

అనుమతి పత్రం తెలుగులో ఉండాలి, చదవలేనివారికి చదివి వినిపించాలి. సంస్థాగత నైతిక సంఘం ఆమోదం లేకుండా ఒక్క గొట్టం కూడా నింపకూడదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. ఇది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ముందుకు వెళదాం.

అసలు కష్టం ప్రశ్నావళిలో ఉంది. ‘మీకు పొగాకు అలవాటు ఉందా?’ అని ఒక పెద్దావిడను అడిగితే ‘ఛీ, లేదయ్యా’ అనే జవాబు వస్తుంది. ఆమె దృష్టిలో పొగాకు అంటే చుట్ట, బీడీ. దవడలో పెట్టుకునే పొగాకు కాడ ఆమెకు పంటినొప్పి మందు. పొద్దున్నే చిగుళ్ళకు రాసే ముక్కుపొడి పళ్ళపొడి. కాబట్టి వస్తువు పేరుతో అడగండి.

‘పెద్దమ్మా, పొద్దున పళ్ళు దేనితో తోముకున్నారు? వేపపుల్లా, పేస్టా, బొగ్గుపొడా, ముక్కుపొడా?’

‘అన్నం తిన్నాక ఆకువక్క వేసుకుంటారా? అందులో కాడ పెట్టుకుంటారా? సున్నం ఎక్కువా, తక్కువా?’

‘చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు? నిద్రపోయేటప్పుడు కూడా దవడలో ఉంటుందా?’

సున్నం గురించి ఎందుకు అడుగుతున్నామో సిబ్బందికి చెప్పండి, లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. వక్కలో పాలీఫినాల్స్ ఉంటాయి. మామూలు స్థితిలో అవి యాంటీ ఆక్సిడెంట్లే. సున్నం తగిలి నోరు క్షారగుణంలోకి మారగానే అవే గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి సూపర్ఆక్సైడ్‌ను, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయి. కాచు కూడా అదే పని చేస్తుంది. వక్కలో రాగి కూడా ఎక్కువే, అది ఈ చర్యలను వేగవంతం చేస్తుంది. తమలపాకులోని పదార్థాలేమో ఇందుకు వ్యతిరేకంగా పనిచేస్తాయి. గుట్కాలో తమలపాకు ఉండదు. కాబట్టి కిళ్ళీని, గుట్కాను ‘నమిలే పదార్థం’ అంటూ ఒకే గడిలో వేస్తే రెండు విరుద్ధ శక్తులను కలిపేసినట్టే.

పొగతాగేవారి విషయంలో చివరి సిగరెట్ లేదా బీడీ ఎప్పుడు తాగారన్నది రోజుకు ఎన్ని అన్నదానంత ముఖ్యం. పొగలోని హైడ్రోజన్ సయనైడ్ లాలాజల పెరాక్సిడేజ్‌ను కొంతసేపు నీరసింపజేస్తుంది. పది నిమిషాల క్రితం బీడీ తాగి వచ్చిన మనిషిలో మీరు కొలిచేది ఆయన నోటి ఆరోగ్యాన్ని కాదు, ఆ బీడీని.

మందుల జాబితాకు ‘ఏమైనా మందులు వాడుతున్నారా’ అన్న ప్రశ్న సరిపోదు. సంచి తెమ్మనండి. అలర్జీ మాత్రలు, కుంగుబాటు మందులు, కొన్ని రక్తపోటు మందులు లాలాజలాన్ని తగ్గిస్తాయి. ఆశా కార్యకర్త ఇచ్చిన ఇనుము మాత్రలు, విటమిన్ సి చప్పరింపు బిళ్ళలు నేరుగా ఆక్సీకరణ లెక్కలో వేలు పెడతాయి.

మూడో అడుగు: ముందురోజు రాత్రి నుంచి

కింది మాటలను కాగితం మీద అచ్చువేసి ముందురోజే ఇవ్వండి. ఫోనులో గుర్తుచేస్తే ఇంకా మంచిది.

రాత్రి భోజనం తర్వాత మద్యం వద్దు. ఉదయం నిద్రలేచాక పళ్ళు తోముకోవచ్చు. అయితే నమూనా ఇచ్చే సమయానికి అది రెండు గంటల వెనక జరిగి ఉండాలి. తోమినప్పుడు చిగురు నుంచి కంటికి కనిపించనంత రక్తం కారుతుంది, దానితో సూచికలు మారతాయి. పుక్కిలించే మందు ఏదైనా ఆ రోజు వద్దు. క్లోర్‌హెక్సిడిన్ సూక్ష్మజీవుల సంఖ్యను మారుస్తుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ గురించి చెప్పేదేముంది! టీ, కాఫీ, పండ్లరసం, ఆకువక్క, పొగాకు అన్నీ కనీసం రెండు గంటలు ఆపాలి. మంచినీళ్ళు తాగవచ్చు, తాగాలి కూడా. ఉలవపాడు మామిడిపండ్ల కాలంలో ఈ రెండు గంటల నియమం పాటించేవారు అరుదు. మామిడిలో విటమిన్ సి ఉందన్న విషయం కన్నా, ఆ తీపి పళ్ళ సందుల్లో నిలిచి ఎండీఏ పరీక్షను తప్పుదోవ పట్టిస్తుందన్నదే నాకు ఎక్కువ బెంగ. ఎందుకో ప్రయోగశాల భాగంలో వస్తుంది.

సమయం అందరికీ ఒకటే ఉండాలి, ఉదయం 9 నుంచి 11 గంటల మధ్య అని పెట్టుకోండి. నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది, మధ్యాహ్నం తర్వాత ఎక్కువగా ఊరుతుంది. ఆరోగ్యవంతుల్లో కూడా ఉదయపు నమూనాలో ఎండీఏ వర్గపు పదార్థాలు మధ్యాహ్నం కన్నా ఎక్కువగా కనిపించాయి. వ్యాధి ఉన్నవారు బయటి రోగుల విభాగానికి ఉదయం రావడం, ఆరోగ్యవంతులైన తోటి విద్యార్థులు తరగతులు అయ్యాక మధ్యాహ్నం రావడం చాలాచోట్ల జరిగేదే. ఆ ఒక్క తేడాతోనే సగం ‘ఫలితం’ వచ్చేస్తుంది.

ఎండను మరవొద్దు. రోహిణి కార్తెలో ఉదయగిరి నుంచో, ఆత్మకూరు నుంచో బస్సులో నిలబడి వచ్చిన మనిషికి నోరు పిడచకట్టి ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గితే లాలాజలం తగ్గుతుంది, అందులోని ప్రతి పదార్థం గాఢత పెరుగుతుంది. శారీరక శ్రమ కూడా లెక్కను మారుస్తుంది. ఒక గ్లాసు నీళ్ళిచ్చి, నీడలో అరగంట కూర్చోబెట్టండి. వీలైతే మే నెలలో సేకరణే పెట్టుకోకండి. రంజాన్ ఉపవాస దినాల్లో నీళ్ళు కూడా తాగనివారి నుంచి పగటిపూట నమూనా తీస్తే ఆ సంగతి తప్పక రాయండి. ఆ నెల ఆగి తీస్తే ఇంకా మంచిది.

నాలుగో అడుగు: ఉమ్మించడం

ప్రేరణ లేని లాలాజలం, అంటే నోటిలో దానంతట అది ఊరేది, మన పనికి తగినది. మైనం ముక్క నమిలించి తీసేది వేరే రకం. అందులో చెవి దగ్గరి పెరోటిడ్ గ్రంథుల నుంచి వచ్చే పలుచటి ద్రవం పాలు ఎక్కువ. రెండింటినీ ఒకే పట్టికలో కలపకూడదు.

నోరు ఎండిన రోగికి ఉమ్మి రాకపోతే నాలుక మీద నిమ్మరసం చుక్క వేయాలని ఎవరికైనా తోస్తుంది. గూడూరు, పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లు దగ్గరే ఉన్న ప్రాంతంలో ఆ కోరిక మరీ సహజం. వేయకండి. నిమ్మరసం లాలాజలపు ఆమ్లత్వాన్ని మార్చేస్తుంది, పైగా విటమిన్ సి నేరుగా గొట్టంలోకి వస్తుంది. మీ రోగి యాంటీ ఆక్సిడెంట్ సామర్థ్యం అద్భుతంగా ఉందని కిట్ చెబుతుంది. నిజానికి అది నిమ్మకాయ సామర్థ్యం.

పద్ధతి ఇది. మామూలు నీటితో ఒకసారి పుక్కిలించి ఉమ్మేయమనండి. పది నిమిషాలు ఆగండి, లేకపోతే మిగిలిన నీరు నమూనాను పలుచన చేస్తుంది. మనిషి నిటారుగా కూర్చుని, తల కొద్దిగా ముందుకు వంచి, కళ్ళు తెరిచి ఉండాలి. ఒకసారి మింగమని, అప్పుడు గడియారం మొదలుపెట్టండి. ముందే తూకం వేసిన పాలీప్రొపిలీన్ గొట్టంలోకి ఐదు నిమిషాల పాటు లాలాజలం దానంతట అదే జారేలా చేయాలి. ఖాకరించడం, గొంతు సవరించుకోవడం, మాట్లాడటం వద్దు. ఖాకరిస్తే వచ్చేది కఫం. గొట్టం ఐసులో నిలబెట్టి ఉండాలి. దూది చుట్టతో పీల్చే పరికరాలు శుభ్రంగా కనిపిస్తాయి, కానీ దూది కొన్ని పదార్థాలను తనలో ఉంచేసుకుంటుంది, కొన్నిటిని తానే వదులుతుంది. ఈ సూచికలకు వాటిని వాడవద్దనే నా మాట.

నలుగురి ఎదుట ఉమ్మడానికి ఆడవారు సిగ్గుపడతారు. ఒక తెర కట్టండి, ఒక మహిళా సహాయకురాలిని పెట్టండి. కంగారులో నోరు ఇంకా ఎండుతుంది కాబట్టి ఇది మర్యాద ఒక్కటే కాదు, పద్ధతిలో భాగం కూడా. చేతి తొడుగులు, మాస్కు సిబ్బందికి తప్పనిసరి.

ఐదు నిమిషాలయ్యాక మళ్ళీ తూకం వేయండి. ఒక గ్రామును ఒక మిల్లీలీటరుగా లెక్కించవచ్చు. 1.6 గ్రాములు వస్తే నిమిషానికి 0.32 మిల్లీలీటర్లు, ఇది మామూలే. నిమిషానికి 0.1 కన్నా తక్కువైతే లాలాజలం బాగా తగ్గిన రోగి అన్నమాట. ఆయనను మామూలువారితో కలిపి సగటు తీయకండి.

నోటి పరీక్ష ఈ తర్వాతే చేయాలి. ఈ వరుస తలకిందులైతే మిగతాదంతా వృథా. ప్రోబ్ అనే సన్నటి కొలత కడ్డీ పెట్టి పన్ను చుట్టూ ఆరు చోట్ల చిగురు సంచి లోతు కొలిచాక వ్యాధి ఉన్న చిగురు నెత్తురు కారుస్తుంది, ఆరోగ్యమైన చిగురు కార్చదు. అంటే కలుషితం కూడా వ్యాధి ఉన్నవారి గుంపులోనే జరుగుతుంది. అంతకన్నా నమ్మకంగా మోసం చేసే తేడా ఇంకొకటి లేదు. ఒకవేళ ముందు పరీక్ష చేయక తప్పకపోతే నమూనాను మర్నాటికి వాయిదా వేయండి.

ఐదో అడుగు: రక్తం ఉందా?

రక్తంలోని ఇనుము గొట్టంలో కూడా ఆక్సీకరణ చర్యలను కొనసాగిస్తుంది. హీమోగ్లోబిన్ తన రంగుతో వెలుగు కొలతను చెడగొడుతుంది. ఎర్రకణాలు పగిలితే వాటిలోని కాటలేజ్, సూపర్ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ బయటికి వచ్చి లాలాజలానివిగా చలామణి అవుతాయి. తెల్ల కాగితం ముందు గొట్టం పట్టి చూడండి. గులాబి, తుప్పు రంగు ఛాయ ఉంటే పక్కన పెట్టండి. కంటికి తెలియని రక్తాన్ని పట్టడానికి రక్తపు ప్రోటీన్ అయిన ట్రాన్స్‌ఫెరిన్ పరీక్ష ఉత్తమం. మూత్ర పరీక్ష పట్టీలతో చూసేవారు కూడా ఉన్నారు. లాలాజలంలోని పెరాక్సిడేజ్ వల్ల రక్తం లేకపోయినా ఆ పట్టీ రంగు మారవచ్చు, దాన్ని నమ్మకండి.

కిళ్ళీ వేసుకునేవారి లాలాజలం రక్తం లేకుండానే ఎర్రగా ఉంటుంది. దాన్ని పారేయనక్కర్లేదు. అయితే ప్రతి అలాంటి నమూనాకు రసాయనం కలపని జత గొట్టం ఒకటి పెట్టి, దాని రంగు విలువను తీసివేయాలి.

ఆరో అడుగు: ఐసు, ప్రయాణం, ఫ్రీజరు

లాలాజలం బతికున్న ద్రవం. అందులో సూక్ష్మజీవులు, ఎంజైములు, రాలిన కణాలు ఉంటాయి. గది వేడిలో అవి పని ఆపవు. రొయ్యల వ్యాపారం పుణ్యమా అని ఈ తీరంలో ఐసు ఫ్యాక్టరీలకు, థర్మోకోల్ పెట్టెలకు లోటు లేదు. అక్కడే ఒక చిక్కు కూడా ఉంది. సరుకు చల్లగా ఉండాలని ఐసులో ఉప్పు కలిపి ఇస్తారు. ఉప్పు కలిసిన ఐసు సున్నా కన్నా కిందికి దిగి నమూనాను నెమ్మదిగా గడ్డకట్టిస్తుంది, దారిలో అది మళ్ళీ కరుగుతుంది. కణాలు పగిలి లోపలిదంతా బయటికి వస్తుంది. ఉప్పు లేని ఐసు పొడిలో కొద్దిగా నీళ్ళు పోసి వాడండి.

సాధ్యమైతే సెంట్రిఫ్యూజ్‌ను శిబిరానికే తీసుకెళ్ళండి. చల్లటి స్థితిలో పది, పదిహేను నిమిషాలు తిప్పి, అడుగున చేరిన మడ్డిని కదిలించకుండా పైతేటను తీయాలి. ఎంత వేగంతో తిప్పారో ‘నిమిషానికి 3000 చుట్లు’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. రోటర్ వ్యాసార్ధం 10 సెంటీమీటర్లయితే అది గురుత్వానికి సుమారు 1000 రెట్లు, 15 సెంటీమీటర్లయితే 1500 రెట్లు. గురుత్వ రెట్లలోనే రాయండి.

పైతేటను నాలుగైదు చిన్న గొట్టాల్లో పంచి ఉంచండి. ఒక్కో పరీక్షకు ఒక్కో గొట్టం. ఒకే గొట్టాన్ని పదేపదే కరిగించి గడ్డకట్టించడం వల్ల ఎంజైములు చచ్చిపోతాయి. మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ ఫ్రీజరు గమ్యం. ఇంటి ఫ్రిజ్ పై అర నిల్వకు పనికిరాదు. కనిగిరి వైపు నుంచి ఒంగోలుకో, ఉదయగిరి నుంచి నెల్లూరుకో గంటల ప్రయాణం ఉంటుంది కాబట్టి ద్రవ నత్రజని దొరికితే అదృష్టం. పశువుల కృత్రిమ గర్భధారణ కోసం పశువైద్యశాలల్లో ఆ క్యాన్లు ఉంటాయి. నింపేవారు ఎవరో అక్కడివారిని అడిగితే దారి తెలుస్తుంది. ఫ్రీజరుకు కరెంటు పోయిన గంటల చిట్టా కూడా ఉంచండి.

ఏడో అడుగు: ప్రయోగశాలలో

ఎక్కువమంది వాడే ఎండీఏ పరీక్షలో నమూనాను థయోబార్బిట్యూరిక్ ఆమ్లంతో కలిపి 95 డిగ్రీల దగ్గర వేడిచేసి, వచ్చిన గులాబి రంగును 532 నానోమీటర్ల దగ్గర చదువుతారు. ఇది చౌక, తేలిక, కానీ నిక్కచ్చి కాదు. చక్కెరలు కూడా ఈ ఆమ్లంతో రంగునిస్తాయి. మామిడిపండు గొడవ ఇందుకే. వేడిచేసేటప్పుడే కొత్తగా కొవ్వు ఆక్సీకరణం చెందకుండా, దాన్ని అడ్డుకునే బీహెచ్‌టీ కలపాలి. ఇలా కొలిచిన దాన్ని ‘ఎండీఏ’ అని రాయకుండా ‘థయోబార్బిట్యూరిక్ ఆమ్లంతో చర్య జరిపే పదార్థాలు’ అని రాయడం నిజాయితీ. 8-ఓహెచ్‌డీజీ ఎలైసా కిట్లలోని ప్రతిరక్షకాలు దగ్గరి పోలికలున్న ఇతర పదార్థాలకు కూడా అంటుకోగలవు. ద్రవ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ అందుబాటులో ఉంటే కొన్ని నమూనాలనైనా అక్కడ సరిచూడండి. మొత్తం యాంటీ ఆక్సిడెంట్ సామర్థ్యానికి వేర్వేరు పద్ధతులున్నాయి, ఒకదాని అంకెను మరొకదానితో పోల్చకూడదు. ఫెర్రిక్ ఇనుమును క్షయకరించే పద్ధతికి గ్లూటాథయోన్ సరిగా కనిపించదు కూడా.

ఒకే ప్లేటులో వ్యాధి ఉన్నవారిని, లేనివారిని కలగలిపి పెట్టండి. సోమవారం ఒక గుంపు, గురువారం మరో గుంపు అయితే మీరు వారాలను పోల్చినట్టే. ప్రతి నమూనాను రెండుసార్లు చదవండి. రెండింటి మధ్య తేడా శాతం 15 దాటితే మళ్ళీ చేయండి. చేసేవారికి ఏ గొట్టం ఎవరిదో తెలియకూడదు.

ఎనిమిదో అడుగు: అంకెను అర్థం చేసుకోవడం

ఒకే గరిటెడు పెరుగును గ్లాసు నీళ్ళలో కలిపితే చిక్కటి మజ్జిగ, చెంబు నీళ్ళలో కలిపితే పలుచటి మజ్జిగ. పెరుగు అంతే. లాలాజలంతో సరిగ్గా ఇదే ఇబ్బంది. ఊహాత్మకంగా ఒక లెక్క చూడండి. ఒకరికి ప్రవాహం నిమిషానికి 0.32 మిల్లీలీటర్లు, ఎండీఏ లీటరుకు 0.4 మైక్రోమోల్. మరొకరికి ప్రవాహం 0.16, ఎండీఏ 0.8. రెండోవారిలో ‘రెట్టింపు ఆక్సీకరణ ఒత్తిడి’ అని రాసేస్తాం. ప్రవాహంతో గుణిస్తే ఇద్దరికీ నిమిషానికి 0.128 నానోమోల్. తేడా అంతా నోరు ఎండడంలోనే ఉంది.

కాబట్టి గాఢతను, ప్రవాహంతో గుణించిన విలువను, ప్రోటీన్‌కు సరిచేసిన విలువను మూడింటినీ చూపండి. మూడూ ఒకే దిశలో ఉంటే మీ మాటకు బలం ఉంది. విడిపోతే ఆ విడిపోవడమే మీ ఫలితం, దాన్ని దాచొద్దు. ప్రోటీన్ సవరణ కూడా మచ్చలేనిది కాదు. చిగుళ్ళ వాపులో రక్తరసి కారి ప్రోటీన్ పెరుగుతుంది కాబట్టి దానితో భాగిస్తే నిజమైన తేడా కూడా చిన్నదైపోవచ్చు. అంకెలు సాధారణంగా ఒక వైపుకు సాగి ఉంటాయి, సగటుకు బదులు మధ్యస్థం ఇవ్వండి. పొగాకు, వయసు, షుగరు, నీరు, ప్రవాహం వీటిని విశ్లేషణలో చేర్చాక కూడా తేడా నిలబడిందో లేదో చెప్పండి.

ఇంకొక మాట. రక్షణ సూచిక తక్కువైతే ‘రక్షణ కరిగిపోయింది’ అని, ఎక్కువైతే ‘శరీరం ఎదురు తిరుగుతోంది’ అని రెండు వైపులా రాయడం మన రంగంలో వాడుక. ఏది వచ్చినా సరిపోయే వివరణ వివరణ కాదు. ఏ దిశలో వస్తుందని అనుకుంటున్నారో సేకరణకు ముందే రాసిపెట్టుకోండి.

చివరిగా, నమూనా ఇచ్చినవారికి ఏం చెప్పాలి?

‘అయ్యా, నా ఉమ్మిలో ఏం తేలింది?’ అని అడుగుతారు. అడగాలి కూడా. ఈ సూచికలు వేటికీ వ్యాధి ఉందని, లేదని తేల్చే సర్వసమ్మతమైన హద్దు లేదు. కాబట్టి ‘మీలో ఆక్సీకరణ ఒత్తిడి ఎక్కువగా ఉంది’ అనే చీటీ ఎవరి చేతిలోనూ పెట్టకండి. అది చేరేది యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు అమ్మే దుకాణానికే. దానికి బదులు నోటి పరీక్షలో చూసింది చెప్పండి: చిగురు ఎక్కడ కారుతోంది, గార ఎక్కడుంది, ఏ పన్ను పుచ్చింది, ఏ రోజు వస్తే శుభ్రం చేస్తారు. పొగాకు మానాలనుకునేవారికి ఉచిత జాతీయ సహాయ సంఖ్య 1800-11-2356 రాసివ్వండి. రెండు వారాలు దాటినా మానని పుండు, తుడిచినా పోని తెల్ల మచ్చ, కారం తగిలితే మండే నోరు, నిలువుగా మూడు వేళ్ళు పట్టనంతగా బిగిసిన దవడ కనిపిస్తే ఫ్రీజరులోని గొట్టం ఫలితం కోసం ఆగకుండా ఆ మనిషిని ఆ రోజే పెద్దాసుపత్రికి పంపించండి, వెంట ఒకరిని తోడిచ్చి.